ఆ ‘హాఫ్ ఇంచ్’ ఏ హాఫ్ ఇంచో రాయండి

సంపాదకులకు,

గత ఆదివారం మీ పత్రికలో కార్లకు బయటి ఇంటర్‌కూలర్లు వేయించుకోవడం గురించి రాశారు. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే భాగం) దగ్గర వేడెక్కిన గాలిని ఇంటర్‌కూలర్‌తో చల్లబరిస్తే ఇంజిన్‌కు బలం వస్తుందన్నది నిజమే. కానీ చివర్లో ‘పైపులు బిగిస్తే సరి’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. సరిగ్గా ఆ బిగించే దగ్గరే నేను దెబ్బతిన్నాను.

నాకు విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షెడ్డు ఉంది. పోయిన నెల గుడివాడ కుర్రాడొకడు నీళ్లతో చల్లబడే రకం ఇంటర్‌కూలర్ తెచ్చాడు. ఆన్‌లైన్‌లో కొన్నాడట. డబ్బా మీద ‘హాఫ్ ఇంచ్’ అని తప్ప ఇంకేమీ లేదు. దానికి ఇత్తడి నిపిళ్లు (మర ఉన్న చిన్న గొట్టం ముక్కలు) కూడా తనే కుళాయి సామాన్ల షాపులో కొనుక్కొచ్చాడు. మరలు లెక్కచూసే పిచ్ గేజ్ పెట్టి చూశాను. ఇంటర్‌కూలర్‌కూ అంగుళానికి 14 మరలే, నిపిల్‌కూ 14 మరలే. చేత్తో తిప్పితే హాయిగా ఎక్కింది. ఇంకేముంది, టెఫ్లాన్ టేపు చుట్టి బిగించేశాను.

ఇంజిన్ వేడెక్కగానే నిపిల్ మొదట్లో నీటి చుక్క. ఊడదీసి టేపు ఇంకో రెండు చుట్లు వేశాను. మళ్లీ చుక్క. కుర్రాడు పక్కనే నిలబడి చూస్తున్నాడు, నాకేమో టెన్షన్. స్పానర్‌కు పైపు తొడిగి లాగాను. ‘టిక్’మంది. ఇంటర్‌కూలర్‌కు నిపిల్ ఎక్కే అల్యూమినియం సాకెట్ మీద వెంట్రుకంత పగులు!

ఇంటర్‌కూలర్‌కు ఉన్నది అమెరికా వాళ్లు వాడే ఎన్‌పీటీ మర. మన కుళాయి షాపుల్లో దొరికేది బ్రిటిష్ వాళ్ల బీఎస్‌పీ మర. మర కోణం మొదటిదానికి 60 డిగ్రీలు, రెండోదానికి 55. వెర్నియర్ (కొలత పరికరం) పెడితే బయటి కొలత మొదటిది 21.3 మిల్లీమీటర్లు, రెండోది 21కి కాస్త తక్కువ. (అర అంగుళం మాత్రం ఎక్కడా రాదు. అది పాతకాలం ఇనప గొట్టం బోలును బట్టి వచ్చిన పేరు.) అందుకే ఎక్కుతుంది గానీ కూర్చోదు. మరకూ మరకూ మధ్య మిగిలిన సందులో నీళ్లు మెలికలు తిరుగుతూ బయటికొస్తాయి. సెన్సర్‌కు వాడే ఎనిమిదో వంతు సైజే నయం. అక్కడ అంగుళానికి ఎన్‌పీటీకి 27, బీఎస్‌పీకి 28 మరలు, కాసేపట్లోనే పట్టేసి తేడా చెప్పేస్తుంది. ఈ హాఫ్ ఇంచే దొంగ.

పగిలిన సాకెట్ కోసేసి, లేత్ మీద కొత్తది చేసి, ఆర్గాన్ వెల్డింగ్ పెట్టించి ఇచ్చాను. ఖర్చు నాదే. ఈసారి ఎన్‌పీటీ నిపిల్ వెతికి తెచ్చి, ముక్కలు లోపలికి పోకుండా మొదటి మర వదిలేసి టేపు చుట్టాను. చేత్తో పట్టినంతవరకూ తిప్పి, స్పానర్‌తో రెండు తిప్పులకు మించనివ్వలేదు.

వేల రూపాయల వస్తువు అమ్మేవాళ్లు డబ్బా మీద మర పేరు వేయలేరా? వాళ్లు వేసేదాకా, కొనేముందే అడిగి తెలుసుకోమని మీ ఆటో పేజీలోనైనా నాలుగు లైన్లు రాయండి. పగిలిన సాకెట్ నా బల్ల మీదే ఉంది, ఫొటో కావాలంటే మీ విలేకరిని పంపండి.

– ఒక టర్నర్, ఆటోనగర్, విజయవాడ