నర్సుల సంఘం వార్షిక నివేదిక: సభ్యుల మానసిక ఆరోగ్యం

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

కోవిడ్-19ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న మహమ్మారిగా పేర్కొంది. అంతర్జాతీయ అత్యవసర స్థితి ముగిసినట్లు 2023 మే 5న ప్రకటించింది. వార్డులు మామూలు స్థితికి వచ్చినా, వాటిలో పనిచేసిన చాలామందికి నిద్ర ఇంకా కుదుటపడలేదు. అందుకే ఈ ఏడాది కార్యవర్గం ఎక్కువ సమయాన్ని ఈ ఒక్క విషయానికే కేటాయించింది.

ముందుగా, పై అధికారులు లేకుండా, ఎవరి పేరూ రాసుకోకుండా సభ్యులు మనసు విప్పి మాట్లాడుకునే సమావేశాలు జరిపాం. వ్యాధి సోకుతుందన్న భయం, దాన్ని ఇంట్లోని పిల్లలకూ పెద్దలకూ అంటిస్తామేమోనన్న దిగులు అందరూ చెప్పినవే. అంతకంటే లోతుగా దిగబడిన బాధ వేరే ఉంది: అయినవాళ్లెవరూ దగ్గర లేని రోగి చెవి దగ్గర ఫోన్ పట్టుకుని ఆఖరి మాటలు వినిపించడం, చేయవలసిన సేవ ఏమిటో తెలిసి కూడా పడకలూ మనుషులూ చాలక చేయలేకపోవడం. ఇలాంటి నైతిక వేదనను నీతిశాస్త్ర పండితుడు ఆండ్రూ జేమెటన్ 1984లోనే నర్సింగ్ వృత్తికి సంబంధించి వివరించారు. మమ్మల్ని దేవతలన్నవారి అభిమానాన్ని కాదనలేం గాని, ఆ మాట వల్లే చాలామంది ‘ఇక నా వల్ల కావడం లేదు’ అని పైకి చెప్పుకోలేకపోయారని మా అభిప్రాయం.

ఇది వ్యక్తుల బలహీనత కాదు. 2020 ఆరంభంలో చైనాలోని 34 ఆసుపత్రులకు చెందిన 1,257 మంది ఆరోగ్య సిబ్బందిని ప్రశ్నించగా, 50.4 శాతం మందిలో కుంగుబాటు, 44.6 శాతంలో ఆందోళన, 34 శాతంలో నిద్రలేమి లక్షణాలు కనిపించాయి; నర్సుల్లో, స్త్రీలలో, నేరుగా రోగులకు సేవ చేసినవారిలో అవి మరింత తీవ్రంగా ఉన్నాయి. బర్న్‌అవుట్‌ను, అంటే పని ఒత్తిడితో శక్తీ ఆసక్తీ హరించుకుపోయే స్థితిని, ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధిగా గాక, పనిచోట అదుపులోకి రాని దీర్ఘకాలిక ఒత్తిడి ఫలితంగా వర్గీకరించింది. కారణం పనిచోట ఉన్నప్పుడు చికిత్సను నర్సు ఒక్కరికే పరిమితం చేయడం న్యాయం కాదు.

ఈ ఆధారంతోనే యాజమాన్యాలకు వినతిపత్రం ఇచ్చాం. పీపీఈ కిట్‌లో ఉన్నవారికి నీళ్లు తాగడానికీ మూత్రవిసర్జనకూ విరామం, వరుస నైట్ డ్యూటీల తర్వాత పూర్తి విశ్రాంతి, ఐసీయూ నుంచి సాధారణ వార్డుకు వంతులవారీ మార్పు, మానసిక కారణాలతో పెట్టే సెలవు సర్వీసు రికార్డుకెక్కకుండా రక్షణ, ఖాళీ పోస్టుల భర్తీ, సభ్యులకు కౌన్సెలింగ్ కోరాం. కౌన్సెలింగ్‌కు వెంటనే అంగీకరించారు. అయితే దాన్ని డ్యూటీ వేళల్లో పెట్టి, బదులు మనిషిని ఇవ్వకపోతే వార్డు వదిలి ఎవరూ వెళ్లలేరని మళ్లీ రాశాం. పోస్టుల గురించి ఇంకా జవాబు రాలేదు.

తోటి సిస్టర్ కష్టాన్ని గుర్తించడంలో సీనియర్లకు శిక్షణ ఇప్పించాం. ఆత్మహత్య ఆలోచన చెప్పినవారిని ఒంటరిగా వదలకుండా వెంటనే మానసిక వైద్యుల దగ్గరకు చేర్చాలన్నది అందులో మొదటి పాఠం.

ఆడిట్ అయిన జమాఖర్చుల పట్టికను విడిగా జతచేశాం. డ్యూటీ చార్టుల్లో మీకు దొరుకుతున్న విరామం, విశ్రాంతి వివరాలను సర్వసభ్య సమావేశానికి ముందే కార్యదర్శికి పంపాలని కోరుతున్నాం. పోస్టుల భర్తీపై రెండో వినతిపత్రాన్ని వాటి ఆధారంగానే తయారుచేస్తాం.