విషయం: ఇన్‌స్పెక్షన్ కాల్‌కు దిక్కూమొక్కూ లేకపోవడం గురించి

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

అయ్యా,

మీ కిందివాళ్లకు రాసి రాసి విసిగిపోయి నేరుగా మీకే రాస్తున్నాను. 700 మెగావాట్ల అణు రియాక్టర్ల ప్రాజెక్టు కోసం మీరు మాకిచ్చిన జాబ్ ఎప్పుడో పూర్తయింది. షెడ్డులో సగం చోటు ఆ సరుకే ఆక్రమించింది. మీ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి స్టాంప్ కొడితే తప్ప గేటు దాటించడానికి లేదు. తనిఖీకి రమ్మని పోర్టల్‌లో ఇన్‌స్పెక్షన్ కాల్ పెట్టినా ఆ వచ్చే మనిషే లేడు.

పర్చేజ్‌కి ఫోన్ చేస్తే క్వాలిటీని అడగమంటారు. క్వాలిటీలో మేడమ్ గారు "మీ కాల్ పోర్టల్‌లో కనపడట్లేదండీ" అన్నారు. స్క్రీన్‌షాట్ పంపాను. "అయితే అది మా దగ్గర కాదు, ప్రాజెక్ట్స్‌లో అడగండి" అన్నారు. ప్రాజెక్ట్స్ సార్ సైటులో ఉన్నారట. సైటుకి చేస్తే హెడ్డాఫీసులో ఉన్నారంటారు. హెల్ప్‌డెస్క్ కుర్రాడు మాత్రం మర్యాదస్తుడు. ప్రతిసారీ వెండర్ కోడ్ అడిగి, "నోట్ చేసుకున్నాను సార్" అంటాడు. ఆ నోట్సన్నీ ఏ బీరువాలో దాస్తున్నారో!

ఈలోగా మీ నుంచి ఒక్క ఉత్తరం మాత్రం టంచనుగా వచ్చింది. డెలివరీ లేటయింది కనుక పెనాల్టీ కోస్తారట.

మీరు పెట్టిన షరతులన్నీ పాటించాం. కడ్డీ కోసేముందే, ఆ స్టీలు ఏ పోతలోదో చెప్పే హీట్ నంబరు రెండో ముక్క మీద కూడా పంచ్ చేశాం. స్టీలు మీద రాయడానికి క్లోరైడ్ లేని మార్కర్ ప్రత్యేకంగా తెప్పించాం. మా దగ్గర ఏ ముక్క ఎక్కడిదో చెప్పగలం. నా ఫోనుకు ఎవరు జవాబు చెప్పాలో మీ ఆఫీసులో ఒక్కరూ చెప్పలేరు.

ఇన్‌స్పెక్షన్ లేనిదే మీరు సరుకు తీసుకోరు. తీసుకోకపోతే చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లో డబ్బు కట్టాలన్న చట్టం గడువు మొదలే కాదు. ఇది మీ మతిమరుపో, తెలివో మరి. బ్యాంకు వడ్డీకి మాత్రం ఏ స్టాంపూ అక్కర్లేదు.

1974లో పోఖ్రాన్ అణు పరీక్ష తర్వాత, సాయం చేస్తున్న కెనడా తప్పుకుంటే రాజస్థాన్ అణు విద్యుత్ కేంద్రం రెండో రియాక్టరును మనవాళ్లే పూర్తి చేసుకున్నారు. మా నాన్నగారు లేతు మీద ఈ పని నేర్చింది ఆ తరం దగ్గరే. 2017లో కేంద్ర కేబినెట్ ఒకేసారి పది రియాక్టర్లకు ఓకే చెప్పాక, ఇక ఆర్డర్లకు లోటుండదని మీ వెండర్ మీట్‌లో శాలువా కప్పి మరీ చెబితే నమ్మి, అప్పు చేసి సీఎన్‌సీ మెషీన్ కొన్నాను. కెనడా వాళ్లు నయం, వెళ్తున్నామని చెప్పి వెళ్లారు.

ఇది జనం డబ్బుతో కట్టే ప్రాజెక్టు. కట్టిస్తున్న ప్రభుత్వ సంస్థకు ఈ ఉత్తరం నకలు పంపుతున్నాను, ఆర్టీఐ కూడా పెడతాను. మీరు ఆపిన పాత బిల్లు మీద, చిన్న పరిశ్రమల బకాయిల ఫిర్యాదులకున్న ప్రభుత్వ పోర్టల్‌లో కేసుకు కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. ఇన్నేళ్ల సంబంధం, అందాకా తెచ్చుకోకండి. ఇన్‌స్పెక్టర్‌ని పంపి, ఆ పెనాల్టీ ఉత్తరం వెనక్కి తీసుకోండి. ముందు బాధ్యత గల మనిషెవరైనా ఫోన్ చేయండి. హెల్ప్‌డెస్క్ నుంచి మాత్రం వద్దు.

ఇట్లు,
చర్లపల్లి పారిశ్రామికవాడ నుంచి మీ పాత వెండర్