మంత్రి గారూ, అమ్మ తొమ్మిదింటి బస్సు పదకొండున్నరకు వచ్చింది

ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మొన్న అమ్మ రెండో ఆబ్దికం అయింది. వచ్చినవాళ్లు భోజనాలు చేసి వెళ్లాక నాన్న బీరువా పై అరలోంచి ఒక లాంగ్ నోట్‌బుక్ తీసి నా ముందు పెట్టారు. "ఉంచుకుంటావా, పాత పేపర్లతో పాటు వేసెయ్యనా?" అన్నారు. అట్ట మీద ఆయన గుండ్రటి అక్షరాలతో 'సర్వీసులు' అని ఉంది. ఇలాంటివి తొమ్మిది ఉన్నాయి, ఇది ఆఖరిది. ఏడేళ్ల పాటు అమ్మ మింగిన ప్రతి పార్కిన్సన్స్ మాత్రకూ వాటిలో లెక్క ఉంది. మీకు రాస్తున్నది ఆ ఆఖరి పుస్తకంలోని పదకొండు రోజుల గురించి. కానీ అమ్మ ఎవరో చెప్పకుండా ఆ పదకొండు రోజులు చెబితే మీకు అదొక కంప్లయింటులాగే కనిపిస్తుంది. అందుకని కాస్త వెనక్కి వెళ్తాను.

మాది తెనాలి. ధనుర్మాసం వచ్చిందంటే మా వీధిలో అమ్మ ముగ్గు చూసి మిగతావాళ్లు వేసుకునేవాళ్లు. ఇరవై ఒక్క చుక్కల మెలికల ముగ్గు చెయ్యెత్తకుండా లాగేది. ముక్కనుమ నాడు రథం ముగ్గు వేసి, దాని తాడు పక్కింటివాళ్ల రథం దాకా కలిపేది. ఒక ఏడాది ఆ తాడు సగం దారిలోనే ఆగిపోయింది. రథం కూడా చిన్నది, పీట మీద పట్టేంత. "ఏంటమ్మా, పిండి అయిపోయిందా?" అని ఆటపట్టించాను. మర్నాడు వేసిన ముగ్గు చుట్టలు చుట్టలుగా మొదలై, చివరికొచ్చేసరికి చీమల బారులా తయారైంది. పార్కిన్సన్స్‌లో చేతిరాత ఇలాగే పోను పోను చిన్నదైపోతుందని తర్వాత తెలిసింది. అమ్మ రాసింది తక్కువ, ముగ్గులే ఎక్కువ. మాకు చీటీ అక్కడే అందింది, చదువుకోలేకపోయాం.

అప్పటికే పాలు మాడిపోతున్నా అమ్మకు వాసన తెలిసేది కాదు. ఇంగువ మంచిది రావడం లేదని కొట్టువాడిని తిట్టేది. కుడి భుజం పట్టేసిందని రెండేళ్లు ఎముకల డాక్టరు చుట్టూ తిరిగాం. కరెంటు పెట్టించాం, నూనెలు రాశాం. మొహంలో నవ్వు తగ్గిపోతే "వదినకు మా మీద కోపమొచ్చిందా?" అని మేనత్త ఫోన్ చేసి మరీ అడిగింది. చేతులు పెద్దగా వణకలేదు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. మన జనానికి పార్కిన్సన్స్ అంటే వణుకే. 1996లో అట్లాంటాలో మహమ్మద్ అలీ ఒలింపిక్ జ్యోతి వెలిగించినప్పుడు ఆయన చెయ్యి వణకడం అందరం టీవీలో చూశాం కదా, అదే గుర్తు. వణుకు లేకుండా బిగుతుగా, నెమ్మదిగా వచ్చే రకం కూడా ఉంటుందని మాకు 2015లో న్యూరాలజిస్టు చెప్పాకే తెలిసింది.

ఆశా కార్యకర్తా ఏఎన్ఎం అమ్మాయీ మా ఇంటికి వచ్చేవాళ్లు. బీపీ చూసేవాళ్లు, వేలు గుచ్చి షుగరు చూసేవాళ్లు. రెండూ నార్మల్. నడిచేటప్పుడు ఈవిడ కుడి చెయ్యి ఎందుకు ఊగడం లేదని అడగలేదు. తప్పు వాళ్లది కాదు, ఆ ఫారంలో ఆ గడి లేదు.

న్యూరాలజిస్టు బొమ్మ గీసి చూపించారు. ఒంటి కదలికలను నడిపే డోపమిన్ అనే రసాయనాన్ని మెదడులో తయారు చేసే కణాలు చచ్చిపోతాయట. లక్షణాలు బయటపడేసరికే సగానికి పైగా పోయి ఉంటాయట. బయటి నుంచి లెవోడోపా ఇస్తే మెదడు దాన్ని డోపమిన్‌గా మార్చుకుంటుంది. మొదటి నాలుగైదేళ్లు మాత్ర రోజంతా కాపు కాస్తుంది. తర్వాత మూడు గంటలే నిలబడుతుంది, ఆపైన ఇంకా తక్కువ. లెవోడోపా పేరు వినగానే మా బాబాయ్ ఎక్కడి నుంచో దూలగొండి గింజల పొడి పట్టుకొచ్చాడు. చిన్నప్పుడు ఒకరి మీద ఒకరం రాసుకుని దురదతో చచ్చిన ఆ దూలగొండే! దాని గింజల్లో లెవోడోపా నిజంగానే ఉందట. కానీ చెంచాకు ఎంత ఉందో ఎవరికి తెలుసు, మాత్రలతో కలపొద్దన్నారు డాక్టరు. పొడి అటక ఎక్కింది.

రోజుకు ఆరు మాత్రలు, మూడేసి గంటలకొకటి. తిండికి అరగంట ముందు వేసుకోవాలి. పప్పూ పెరుగూ తిన్నాక వేసుకుంటే మందు సరిగా ఎక్కదు. ఈ లెక్క నాన్నకు ఇట్టే ఎక్కేసింది. ఆయన ఆర్టీసీలో కంట్రోలర్‌గా రిటైరయ్యారు. గుంటూరు, రేపల్లె, చీరాల బస్సులు ఏ నిమిషానికి ఏ ప్లాట్‌ఫారం మీదకు రావాలో మైకులో చెప్పిన మనిషి. మొదటి రోజు నుంచీ మాత్రలు ఆయనకు బస్సులే. "ఆరింటి బస్సు రెడీ," అని గ్లాసుతో వచ్చేవారు. "ఈ ఎర్ర బస్సుల గోల ఇంట్లో కూడానా?" అని అమ్మ విసుక్కునేది. నోట్‌బుక్‌లో నాలుగు గళ్లు గీశారు. రావాల్సిన టైము, వచ్చిన టైము, ఎక్కిన టైము, దిగిన టైము. ఎక్కడమంటే మందు పట్టి అమ్మ కదలగలగడం. దిగడమంటే మళ్లీ బిగుసుకుపోవడం.

మందు దిగినప్పుడు అమ్మ గడప దగ్గర ఆగిపోయేది. కాళ్లు నేలకు అతుక్కున్నట్టుండేవి. వెనక నుంచి తోస్తే పడిపోతుంది, ముందుకు లాగినా పడిపోతుంది. నేల మీద అడ్డంగా గీతలు గీస్తే వాటిని దాటుతూ నడుస్తారని ఫిజియోథెరపిస్టు చెప్పింది. నాన్న చాక్‌పీసుతో వంటింటి నుంచి వసారా దాకా గీశారు. అమ్మ గోడ పట్టుకుని ఆ గీతల్ని కిందికీ పైకీ చూసింది. "కోడి కెలికినట్టున్నాయండీ. పిండి తెండి," అంది. కుర్చీలో కూర్చుని, వంగి, కూర్చున్న చోట అందినంత మేర తనే ముగ్గుపిండితో గీసింది. వేళ్ల మధ్య నుంచి పిండి ఒకసారి కుప్పగా, ఒకసారి సన్నగా జారింది. గీత వంకరగానే వచ్చింది. తర్వాత లేచి, మొదటి గీత మీదుగా కాలెత్తి, రెండోదీ మూడోదీ దాటుకుంటూ పెళ్లికూతురు గుమ్మం దాటినట్టు వసారాలోకి వచ్చేసింది. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఇప్పటిదాకా గడప మీద రాయిలా నిలబడ్డ మనిషి నాలుగు పిండి గీతలకు నడవడమేంటో నాకిప్పటికీ వింతే.

వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం క్యాంపు సంగతి కూడా చెప్పాలి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చినప్పుడు వైకల్యాలను ఏడు నుంచి ఇరవై ఒకటికి పెంచారు, వాటిలో పార్కిన్సన్స్‌ను పేరు పెట్టి చేర్చారు. ఆ ధైర్యంతో స్లాటు బుక్ చేశాం. నాన్న సమయపాలన అక్కడ మా కొంప ముంచింది. క్యాంపు తొమ్మిదిన్నరకు, అమ్మ తొమ్మిదింటి బస్సు టంచనుగా ఎక్కేసింది. పట్టుచీర కట్టుకుని డాక్టరు గారి ముందు చక్కగా నడిచింది. "బాగానే నడుస్తున్నారు కదమ్మా!" అన్నారాయన సంతోషంగా. ముప్పై శాతం రాశారు. నలభై లేనిదే పింఛను లేదు. మధ్యాహ్నం తిరుగు ప్రయాణంలో ఆటోలోంచి దించడానికి ముగ్గురం పట్టుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ పింఛను ఆరు వేలు. ఆర్టీసీ ప్రభుత్వంలో విలీనం కాకముందు రిటైరైన వాళ్ల పీఎఫ్ పింఛను ఎంతో మీకు తెలియనిది కాదు. పూటకో రకంగా ఉండే రోగాన్ని ఒక్క పూట చూసి కొలిస్తే ఎలా సార్? మందు దిగినప్పుడు కూడా చూడాలని మీ క్యాంపుల డాక్టర్లకు ఒక మాట చెప్పండి.

ఇక ఆ పదకొండు రోజులు. 2022 నవంబరులో మూడింటి మాత్ర దిగే వేళకు అమ్మ బాత్రూం గడప దగ్గర పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రిలో చేర్చాం. దాని పేరు రాయను, ఎందుకంటే ఇది ఏ ఆసుపత్రిలోనైనా జరుగుతుంది. ఆపరేషన్ బాగా చేశారు. ఎవరూ రూపాయి అడగలేదు. ఆ సర్జన్‌కు ఇప్పటికీ దండం పెడతాను.

వార్డులో చేరగానే మా మాత్రల డబ్బా తీసుకున్నారు. బయటి మందులు బెడ్ దగ్గర ఉంచకూడదట, ట్రాలీలో పెట్టి వాళ్లే ఇస్తారట. ట్రాలీ ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి తిరుగుతుంది. మాకు ఆరు బస్సులు, వాళ్లకు మూడు ట్రిప్పులు. ఆపరేషన్‌కు ముందు నోటితో ఏమీ ఇవ్వొద్దన్నారని రాత్రి మాత్ర, తెల్లారి మాత్ర రెండూ పోయాయి. ఆపరేషన్ మరుసటి రోజు నాన్న నోట్‌బుక్ పట్టుకుని నర్సుల టేబుల్ దగ్గర నిలబడ్డారు.

"అమ్మా, తొమ్మిదింటి మాత్ర ఇంకా రాలేదు."

"వస్తాం పెద్దాయనా. నలభై బెడ్లున్నాయి, ఇద్దరమే ఉన్నాం. గంట లేటైతే ఏమవుతుంది, బీపీ మాత్ర కూడా లేటవుతుంది కదా."

ఆ పిల్ల కసిరి చెప్పలేదు. ఉదయం నుంచి టీ కూడా తాగినట్టు లేదు. కానీ ఆవిడకు తెలియదు, ఎవరూ చెప్పలేదు. నోట్‌బుక్‌లో ఆ రోజు గడి ఇలా ఉంది: రావాల్సింది 9-00, వచ్చింది 11-30. 'ఎక్కిన టైము' దగ్గర గీత కొట్టి ఉంది. అప్పటికే అమ్మకు గుటక పడటం లేదు.

మత్తు ప్రభావంతో సాయంత్రం వాంతులయ్యాయి. ఇంజెక్షన్ చేశారు, మెటాక్లోప్రమైడ్. ప్రతి వార్డులోనూ ఉండే మామూలు మందే. కానీ అది మెదడులో డోపమిన్‌కు అడ్డుపడుతుంది. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు ఇవ్వకూడని మందుల్లో హాలోపెరిడాల్‌తో పాటు మొదటి వరసలో ఉంటుంది. వాంతులకే ఇచ్చే డోంపెరిడోన్ లాంటిదైతే మెదడులోకి పెద్దగా వెళ్లదు. ఇది నేను తర్వాత నేర్చుకున్న చదువు. ఆ రాత్రి నాకు తెలిసిందల్లా అమ్మ కట్టెలా బిగుసుకుపోవడం, కళ్లు మాత్రం నా వైపు తిరగడం. మరో రెండు డోసులు పడ్డాక, మర్నాడు న్యూరాలజీ పీజీ కుర్రాడొకడు కేస్‌షీట్ చూసి "ఇదెవరు రాశారు?" అని కొట్టేశాడు. అప్పటికి గొంతులోకి మంచినీళ్లు కూడా తేలిగ్గా దిగడం లేదు.

పదకొండో రోజు ఇంటికి తెచ్చాం. అమ్మ మళ్లీ నడవలేదు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి, శివరాత్రి వెళ్లాక పోయింది. ఆ ఇంజెక్షన్ వల్లే పోయిందని నేను అనడం లేదు. డెబ్బై రెండేళ్ల మనిషి, విరిగిన తుంటి, ముదిరిన జబ్బు. కానీ ఆ వార్డులో టైముకు మాత్ర పడి ఉంటే కుర్చీలో కూర్చుని ఉగాది పచ్చడి తినేదేమో అన్న ఆలోచన మా ఇంట్లో ఎవరినీ వదలడం లేదు.

సార్, మీరు కొత్త ఆసుపత్రి కట్టనక్కర్లేదు. లెవోడోపా, దానికి తోడుండే కార్బిడోపా కలిసిన మాత్ర జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నదే. పీహెచ్‌సీలో ఎప్పుడూ ఉండేలా చూస్తే గుంటూరు దాకా మనిషిని పంపాల్సిన పని తప్పుతుంది. అంతకంటే ముందు ఒక్క సర్క్యులర్ కావాలి. పార్కిన్సన్స్ ఉన్న మనిషి ఏ వార్డులో చేరినా, ఎముకల వార్డైనా కంటి వార్డైనా, ఇంట్లో వేసుకునే టైములనే కేస్‌షీట్‌లో రాయాలి, ట్రాలీ టైములు కాదు. ఆ మాత్రలు బెడ్ దగ్గరే ఉండనివ్వాలి. మా నాన్న లాంటి వాళ్లు ఇచ్చుకుంటారు, నర్సుకు ఒక పని తగ్గుతుంది. ఆపరేషన్ ఉంటే ఆ మాత్రల సంగతి ఏం చేయాలో ముందు రోజే మత్తు డాక్టరు చెప్పాలి. ఇవ్వకూడని మందుల పేర్లు ఎర్ర ఇంకుతో కేస్‌షీట్ పైన రాయాలి. బ్రిటన్‌లో ఆసుపత్రిలో ఉన్న పార్కిన్సన్స్ రోగికి లెవోడోపా తన టైముకు అటూ ఇటూ 30 నిమిషాల్లోపు అందాలని ప్రమాణంగానే రాసుకున్నారు. అక్కడా నర్సులు చాలడం లేదనే గోల ఉంది, అయినా రాసుకున్నారు.

నోట్‌బుక్‌లోని ఆ పదకొండు రోజుల పేజీలు జిరాక్సు తీయించి దీనితో జత చేస్తున్నాను. అసలుది పాత పేపర్లకు వేయలేదు. మీరు జవాబు రాస్తే నా పేరు మీద కాకుండా నాన్న పేరు మీద రాయించండి. ఆయన దాన్ని నాలుగుసార్లు చదువుతారు. తర్వాత, ఎన్నింటికి అందిందో రాసి పెట్టుకుంటారు.

ఇట్లు,
ఒక కంట్రోలర్ గారి అమ్మాయి,
తెనాలి