అమెరికా కౌంటీ కోర్టు విడాకుల కాగితం మీద ఎవరి ముద్ర ఉండాలి? విదేశాంగ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన భారత విదేశాంగ మంత్రి గారికి,

నమస్కారమండి. అమెరికాలో విడాకులై ఇండియాకు తిరిగొచ్చేసిన మన పిల్లలు ఆ విడాకుల కాగితం తెచ్చుకోవడానికి పడుతున్న అవస్థ గురించి రాస్తున్నాను. పైకి చిన్న విషయంలాగే కనిపిస్తుంది. కానీ ఆ కాగితం లేకపోతే రెండో పెళ్లి రిజిస్ట్రేషన్ దగ్గర ఆపేస్తారు, పాస్‌పోర్ట్‌లో పాత భర్త పేరు తీయమంటే డిక్రీ, అంటే విడాకులిచ్చిన కోర్టు తీర్పు కాగితం, ఏదంటారు, కొత్తగా పెళ్లి చేసుకున్న మనిషితో వీసాకు వెళ్తే మొదటి పెళ్లి ముగిసినట్టు రుజువు చూపించమంటారు. నేను టెక్సాస్‌లో, డాలస్ పక్కన ఉంటాను. మా పిన్ని కూతురికి ఈ పని పడితే నేనే తిరిగి చేసిపెట్టాను. ఆ సంగతి తెలిసి తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు అడగడం మొదలుపెట్టారు, ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు.

నేను అడిగేది ఇదండి. అమెరికా కౌంటీ (మన జిల్లాలాంటిది) కోర్టు ఇచ్చిన డిక్రీ మన దగ్గర ఏ ఆఫీసులోనైనా తీసుకోవాలంటే దాని మీద ఎవరి ముద్ర ఉండాలో మీ శాఖ ఒక్కసారి రాతపూర్వకంగా తేల్చి చెప్పాలి, ఆ ముద్ర దాకా వెళ్లే దారిని మన కాన్సులేట్లు మన భాషల్లో రాసి అందరికీ కనపడేలా పెట్టాలి. ఎందుకడుగుతున్నానో వివరంగా చెప్తాను, ఇది చదివే మనవాళ్లకు కూడా పనికొస్తుంది.

చాలామందికి మొదటి తడబాటు అమెరికాలో విడాకులంటే అమెరికా ప్రభుత్వం దగ్గర ఎక్కడో ఒకచోట రికార్డు ఉంటుందనుకోవడం దగ్గరే వస్తుంది. అలా దేశం మొత్తానికీ ఒక ఆఫీసు లేదు. విడాకులు రాష్ట్ర చట్టం కింద, కౌంటీ స్థాయి కోర్టులో జరుగుతాయి, ఫైలు ఆ కోర్టు క్లర్క్ దగ్గరే ఉంటుంది. టెక్సాస్‌లో 254 కౌంటీలున్నాయి. పెళ్లి లైసెన్సులు కౌంటీ క్లర్క్ దగ్గర, విడాకుల ఫైళ్లు డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర ఉంటాయి. పేర్లు దగ్గరగా ఉండటంతో డబ్బు కట్టి మరీ తప్పు ఆఫీసుకు రాసేవాళ్లున్నారు. ఇక ఏ కౌంటీ అన్నది ఇంకో తలనొప్పి. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రిస్కోనే తీసుకోండి, ఊరు ఒకటే అయినా కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంటుంది. పైగా టెక్సాస్‌లో కేసు వేయాలంటే ఇద్దరిలో ఒకరు రాష్ట్రంలో 6 నెలలు, ఆ కౌంటీలో 90 రోజులు ఉంటే చాలు. అంటే కాపురం చేసిన చోట కాకుండా, విడిపోయాక భర్త వెళ్లి ఉన్న కౌంటీలో కేసు నడిచి ఉండొచ్చు. విజయవాడలో కూర్చున్న అమ్మాయికి అది ఎలా తెలుస్తుంది చెప్పండి?

వెతకడానికి చాలా కౌంటీలు వెబ్‌సైట్‌లో కేస్ సెర్చ్ ఉచితంగానే పెట్టాయి. అక్కడ మన పేర్లు పెట్టే ఇబ్బంది అంతా ఇంతా కాదు. లాస్ట్ నేమ్ అని ఒక గడి, ఫస్ట్ నేమ్ అని ఒక గడి ఉంటాయి. మన పాస్‌పోర్టుల్లో కొందరికి ఇంటిపేరు ఆ గడిలో ఉంటుంది, కొందరికి అసలు పేరే ఇంటిపేరు గడిలో ఉంటుంది, గివెన్ నేమ్ ఖాళీగా వదిలేసిన వాళ్లకు అమెరికా వీసా మీద ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది, అంటే మొదటి పేరు తెలియదని. కోర్టు రికార్డులోకి కూడా అదే ఎక్కితే మీరు ఎన్ని రకాలుగా లక్ష్మి అని కొట్టినా దొరకదు. లక్ష్మికి కేఎస్‌హెచ్ రాసేవాళ్లున్నారు, ఎక్స్ రాసేవాళ్లున్నారు. వెంకట, సాయి, నాగ లాంటివి మధ్య పేరుగా పోయి అసలు పేరు కనపడకుండా పోతుంది. నేను అందరికీ చెప్పేది ఒకటే: ఇద్దరి పేర్లతోనూ వెతకండి, తిరగేసి వెతకండి, వీసా మీద పేరు ఎలా ఉందో అలాగే కొట్టి చూడండి. దొరికితే ముందు కేస్ నంబర్ రాసి పెట్టుకోండి, టెక్సాస్‌లో కాజ్ నంబర్ అంటారు, ఆ నంబర్ ఉంటే క్లర్క్ ఆఫీసులో సగం పని అయిపోయినట్టే. అప్పట్లో కేసు చూసిన లాయర్ ఫోన్ నంబర్ ఇంకా ఉంటే అన్నింటికన్నా ముందు వాళ్లనే అడగండి.

ఆన్‌లైన్‌లో డైవోర్స్ రికార్డ్స్ అని వెతికితే పైన వచ్చే ప్రైవేటు సైట్ల జోలికి వెళ్లకండి. డబ్బు తీసుకుని పేరు, తేదీ, కౌంటీ ఉన్న పేజీ ఒకటి ఇస్తారు, దాన్ని ఏ ఆఫీసులోనూ ముట్టుకోరు. రాష్ట్ర ఆరోగ్య శాఖ ఇచ్చే కాగితంతో కూడా జాగ్రత్తగా ఉండాలి. టెక్సాస్ ఆరోగ్య శాఖలో ఈ రికార్డులు చూసే వైటల్ స్టాటిస్టిక్స్ విభాగం దగ్గర 1968 నుంచి విడాకుల సూచిక ఉంది, 20 డాలర్లు కడితే ఫలానావాళ్లకు ఫలానా కౌంటీలో విడాకులయ్యాయని ఒక ఉత్తరం వస్తుంది. అది డిక్రీ కాదు. కౌంటీ ఏదో తెలియనివాళ్లకు దారి చూపించడం వరకే దాని ఉపయోగం. కాలిఫోర్నియా ఆరోగ్య శాఖ దగ్గరైతే 1962 నుంచి 1984 జూన్ దాకా ఉన్నవే ఉంటాయి, అంటే సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో వెళ్లిన మన తరానికి అక్కడ ఏమీ ఉండదు, కేసు నడిచిన కౌంటీ సుపీరియర్ కోర్టునే అడగాలి. న్యూయార్క్ ఇంకా కఠినం: విడాకుల ఫైలు ఆ ఇద్దరికి, వాళ్ల లాయర్లకు తప్ప ఎవరికీ చూపించరు. టెక్సాస్‌లో మాత్రం జడ్జి ఎవరికీ చూపించొద్దని ప్రత్యేకంగా సీల్ చేస్తే తప్ప అది పబ్లిక్ రికార్డు, అందుకే మా చెల్లి తరఫున నేను కౌంటర్ దగ్గరికి వెళ్లి అడగగలిగాను. అదే కేసు న్యూయార్క్‌లో అయ్యుంటే, తను ఇక్కడ లేదు కాబట్టి నోటరీ చేసిన ఉత్తరం లాంటివి పంపాల్సి వచ్చేది. హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ నోటరీ ఒక్కో ముద్రకు 50 డాలర్లు తీసుకుంటుంది. కొన్ని క్లర్క్ ఆఫీసులు ఫీజు మనీ ఆర్డర్‌గానే కావాలంటాయి, తిరుగు కవరు మీద అమెరికా స్టాంపులు అతికించి పంపమంటాయి. నరసరావుపేటలో ఉన్న మనిషి అమెరికా స్టాంపులు ఎక్కడ కొంటుందండీ?

క్లర్క్‌ను ఏమడగాలన్నది కూడా ముఖ్యమే. ఫైనల్ డిక్రీ సర్టిఫైడ్ కాపీ కావాలని స్పష్టంగా అడగాలి, క్లర్క్ సంతకం, ముద్ర దాని మీద ఉండాలి. మామూలు జిరాక్స్ అడిగితే మామూలు జిరాక్సే ఇస్తారు. నేను ఇంకొకటి కూడా తీసుకోమంటాను: అవతలి మనిషికి నోటీసు ఎలా అందింది, వాళ్లు జవాబు వేశారా, నోటీసు అక్కర్లేదని సంతకం పెట్టారా అని చూపించే కాగితాలు. ఎందుకో చెప్పాలంటే 1991 నాటి మన సుప్రీంకోర్టు తీర్పు దగ్గరికి వెళ్లాలి, మీకు రాస్తున్నది కూడా అసలు దాని గురించే.

ఆ కేసు మనవాళ్లదే. 1975లో తిరుపతిలో పెళ్లయింది. భర్త అమెరికా వెళ్లి మిస్సోరీ రాష్ట్రంలో, సెయింట్ లూయిస్ కౌంటీ సర్క్యూట్ కోర్టులో కేసు వేశాడు, భార్య హాజరు కాకుండానే 1980లో విడాకులు వచ్చేశాయి, తర్వాత యాదగిరిగుట్టలో ఇంకో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య కేసు పెట్టింది. సుప్రీంకోర్టు ఆ విడాకులు ఇక్కడ చెల్లవంది. కేసు విన్న కోర్టుకు అధికారమూ, విడాకులకు కారణమూ రెండూ పెళ్లి ఏ చట్టం కింద జరిగిందో ఆ చట్టం ప్రకారమే ఉండాలని, లేదంటే అవతలి మనిషి ఇష్టపూర్వకంగా కోర్టుకు వచ్చి వాదించి ఉండాలని, లేదా విడాకులకు ఒప్పుకుని ఉండాలని చెప్పింది. అందుకే డిక్రీ ఒక్కటే కాదు, ఆ ఒప్పుకోలు చూపించే కాగితం కూడా దగ్గర ఉండాలంటున్నాను.

అదే తీర్పులో ఎవరూ పెద్దగా మాట్లాడుకోని ముక్క ఇంకొకటుంది. కాపీ మీద ఆ కౌంటీ డిప్యూటీ క్లర్క్ ధ్రువీకరణ ఉంది, అందులో లోపమేమీ లేదని కోర్టు అంది. మరి ఎందుకు సాక్ష్యంగా పనికిరాలేదు? అప్పటి సాక్ష్య చట్టం 86వ సెక్షన్ ప్రకారం అమెరికాలోని మన కేంద్ర ప్రభుత్వ ప్రతినిధి దాన్ని ధ్రువీకరించలేదు కాబట్టి. అంటే మీ శాఖ మనిషి ముద్ర లేదు కాబట్టి.

తర్వాత 2005లో మన దేశం హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో చేరింది. అపోస్టిల్ అంటే కాగితం మీద సంతకం, ముద్ర అసలైనవేనని అది పుట్టిన దేశమే జతచేసే ధ్రువీకరణ. అమెరికా అంతకుముందే ఉంది. ఇప్పుడు టెక్సాస్ డిక్రీకైతే ఆస్టిన్‌లో ఆ రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు 15 డాలర్లకు అపోస్టిల్ వేసి ఇస్తుంది. సభ్య దేశం అపోస్టిల్ ఉంటే ఆ కాగితాన్ని మన దగ్గర అందరూ ఒప్పుకోవాలని మీ శాఖే చెబుతోంది. కింది ఆఫీసుల్లో మాత్రం ఎవరి మాట వాళ్లది. మా చెల్లి కాగితం అపోస్టిల్‌తోనే పంపాను, ఎర్రటి రిబ్బన్లూ మెరిసే ముద్రలూ ఏమీ ఉండవు దానికి, గవర్నమెంటు కాగితం ఒకటి ముందు పిన్ను కొట్టి ఉంటుంది, అంతే. అది చూసి ఒక ఆఫీసులో ఎంబసీ స్టాంప్ లేదన్నారు. మన కాన్సులేట్‌ను అడిగితే అపోస్టిల్ ఉంటే మేం వేయాల్సిన పని లేదన్నారు. ఇద్దరూ తమ వైపు నుంచి సరిగ్గానే మాట్లాడామనుకుంటున్నారు, మధ్యలో పిల్ల నిశ్చితార్థం వాయిదా పడింది. ఆ రెండు నెలలు మా పిన్ని ఎంత టెన్షన్ పడిందో నాకు తెలుసు, అవతలివాళ్లకు ఏం చెప్పాలో తెలియక ఫోన్ ఎత్తడం మానేసింది.

అందుకే అడుగుతున్నాను. అపోస్టిల్ ఉంటే మన ప్రతినిధి ధ్రువీకరణ వేరే అక్కర్లేదా, లేక కోర్టులో సాక్ష్యంగా పెట్టడానికి అది కూడా కావాలా? అక్కర్లేదంటే పాస్‌పోర్ట్ ఆఫీసులకూ, రాష్ట్రాల రిజిస్ట్రేషన్ శాఖలకూ ఆ మాట సర్క్యులర్‌గా పంపండి, మనిషి చేతిలో పట్టుకెళ్లి చూపించేలా. కావాలంటే హ్యూస్టన్, అట్లాంటా, షికాగో, న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో, సియాటిల్ కాన్సులేట్లూ, వాషింగ్టన్ ఎంబసీ పోస్టులో కాగితం తీసుకుని, ఫీజు ఇంత, గడువు ఇంత అని చెప్పి ఆ ముద్ర వేసివ్వాలి. రెండింట్లో ఏదైనా ఫర్వాలేదు, రాసి ఇవ్వండి చాలు.

ఆ రాష్ట్రాల వారీ సమాచారం కాన్సులేట్ సైట్లో పెట్టడానికి పెద్ద ఖర్చు కూడా ఉండదు. ఎక్కడ ఏ క్లర్క్, ఏ పేరుతో అడగాలి, ఎవరికిస్తారు, అపోస్టిల్ ఎక్కడ, ఇవి ఒక్కో రాష్ట్రానికి ఒక పేజీ.

ఇంకా ఒక్కరి గురించి చెప్పాలి. తనకు విడాకులైనట్టు తనకే తెలియని అమ్మాయి. భర్త సెలవులకని వరంగల్‌లో వదిలేసి వెళ్లాడు, అమెరికాలో ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే ఈమె కోర్టుకు రాకుండానే ఇచ్చిన డిక్రీ, తెచ్చుకున్నాడు, ఎవరో బంధువు ద్వారా ఈమెకు తెలిసింది. ఇలాంటివాళ్లకు ఒక్క డిక్రీ సరిపోదు, మొత్తం ఫైలు కావాలి, నోటీసు ఏ అడ్రస్‌కు పంపామని అతను ప్రమాణం చేశాడో ఆ కాగితం కావాలి, దాని మీదే ఇక్కడి కోర్టులో ఆమె వాదన నిలబడుతుంది. డాలర్లలో ఫీజు కట్టే స్తోమత, అక్కడ తిరిగే మనిషి రెండూ లేనివాళ్లు ఎంతోమంది. మీ శాఖ దగ్గర ఫిర్యాదులు పెట్టుకునే మదద్ పోర్టల్ ఉంది, విదేశాల్లో కష్టంలో ఉన్న మనవాళ్ల కోసం ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఉంది. మదద్‌లో ఆమె ఫిర్యాదు పెడితే కాన్సులేటే ఆ కౌంటీ క్లర్క్‌కు రాసి, ఫండ్ నుంచి ఫీజు కట్టి, ఫైలు సర్టిఫైడ్ కాపీ తెప్పించి ఆమె ఇంటికి పంపేలా ఏర్పాటు చేయండి. కౌంటీ తెలియకపోతే వెతికిపెట్టండి. మీ అధికారులు అడిగితే క్లర్క్ ఆఫీసుల్లో జవాబు తొందరగానే వస్తుంది.

మీ జవాబు కోసం ఎదురుచూస్తాను.

ఇట్లు,
టెక్సాస్‌లో ఉంటున్న ఒక తెలుగు అన్న