మెడలోని చెక్క బిళ్ల చెప్పని పేర్లు: కేంద్ర హోం మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర హోం మంత్రి గారికి,

నమస్కారం. అండమాన్ దీవుల్లోని పోర్ట్ బ్లెయిర్ పేరును 2024లో శ్రీ విజయపురం అని మార్చారు. ఊరికి కొత్త పేరు పెట్టిన ప్రభుత్వం, ఆ ఊరిని కట్టిన ఖైదీల పాత పేర్లను కూడా వెలికి తీయాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

సెల్యులర్ జైలులోని పాలరాతి పలకల మీద చెక్కిన పేర్లు 1909తో మొదలవుతాయి. అక్కడ చెర మాత్రం అంతకు అర్ధశతాబ్దం ముందే మొదలైంది. 1858 మార్చి 10న బ్రిటిష్ అధికారి డాక్టర్ జె.పి. వాకర్ 200 మంది ఖైదీలతో అక్కడ ఓడ దిగాడు. తప్పించుకుపోయి పట్టుబడినవారిలో 86 మందిని ఉరి తీయించాడు. ఆ తర్వాత ఓడలు వస్తూనే ఉన్నాయి. అడవి నరికినదీ, బాటలు వేసినదీ, రేవు కట్టినదీ ఖైదీలే. 1896 నుంచి పదేళ్లపాటు శ్రమించి, 690కి పైగా ఒంటరి గదులతో ఆ జైలును లేపినదీ వాళ్లే. 1901 జనాభా లెక్కల నాటికి పోర్ట్ బ్లెయిర్ ఖైదీల స్థావరంలో దాదాపు 12 వేల మంది ఖైదీలున్నారు. పలకల మీద ఉన్నది కొన్ని వందల పేర్లు.

అంతమందిని గుప్పెడు తెల్ల అధికారులు ఎలా అదుపులో పెట్టారు? ఖైదీల మీద ఖైదీలనే కాపలా పెట్టి. జమాదారు, టిండాల్, పెటీ ఆఫీసరు, అందరూ శిక్ష పడ్డవాళ్లే. కొన్నేళ్లు ఒదిగి ఉన్నవాడికి కాస్త భూమి, పెళ్లికి అనుమతి ఆశ చూపేవారు. తలెత్తినవాడికి వైపర్ దీవిలో గొలుసులు, ఉరికొయ్య ఉండేవి. ఈ శిక్షకు జనం తగినంతగా భయపడటం లేదని 1890లో లయల్, లెత్‌బ్రిడ్జ్ అనే అధికారులు నివేదిక ఇచ్చారు. సెల్యులర్ జైలు పుట్టింది ఆ నివేదిక నుంచే. కొత్తగా వచ్చిన ఖైదీ మొదటి ఆరు నెలలు ఒంటరి గదిలో గడపాలని అందులో నియమం పెట్టారు. ఎద్దులు తిప్పే గానుగకు మనుషులను కట్టి, రోజుకు 30 పౌన్ల కొబ్బరి నూనె తీయమన్నది కూడా ఆ గోడల మధ్యనే.

ఖైదీ మెడలో ఒక చెక్క బిళ్ల వేలాడేది. దాని మీద అతని నంబరు, శిక్ష పడిన సెక్షను, శిక్ష తేదీ, విడుదలకు అర్హమయ్యే తేదీ ఉండేవి. నన్ను ఎక్కువగా బాధించేది ఆ బిళ్లే. భారత శిక్షాస్మృతిలో 395 అంటే బందిపోటు దోపిడీ. ఆ సెక్షను కింద యావజ్జీవ ద్వీపాంతరవాసం విధించవచ్చు. ధాతు కరువులో, అంటే 1876-78 మధ్య, మద్రాసు ప్రెసిడెన్సీలో ఆకలికి తాళలేక ధాన్యం దోచుకున్నవాళ్లున్నారు. అయిదుగురు కలిసి గాదె పగలగొడితే చట్టానికి అది బందిపోటు దోపిడీయే. ఆ నేరానికి ద్వీపాలు చేరినవాడి బిళ్ల మీద సెక్షను ఉంటుంది, కరువు ఉండదు.

ఆ కరువు వెన్నంటే 1879 మార్చిలో రంప కొండలు తిరగబడ్డాయి. కొండవాళ్లు తమ జీలుగు చెట్టు నుంచి తాము గీసుకునే కల్లుకు కూడా పన్ను కట్టమన్నారు. పోలీసులు కల్లు కంట్రాక్టర్ల పక్షం వహించారు. ఆ పితూరీ, అంటే తిరుగుబాటు, అణిగాక చాలామందిని అండమాన్‌కు పంపారు. వాళ్లు వెళ్లేనాటికి సెల్యులర్ జైలుకు పునాది కూడా పడలేదు. అందువల్ల జైలు గోడ మీది లెక్కలో వాళ్లు చేరలేదు. 1922-24లో అల్లూరి సీతారామరాజు వెంట నడిచినవారిని మనం గౌరవంగా తలచుకుంటాం, తలచుకోవాలి కూడా. అవే కొండల్లో, అదే దొరతనం మీద, నలభై ఏళ్ల ముందు లేచినవాళ్లు ఏం తప్పు చేశారు?

ఈ లేఖ సాంస్కృతిక శాఖకు కాకుండా మీకే రాయడానికి కారణం ఉంది. అండమాన్ పాలన మీ శాఖ కిందే ఉంది. నాటి ఖైదీల దస్త్రాలను నడిపినది కూడా అప్పటి హోం డిపార్ట్‌మెంటే. పోర్ట్ బ్లెయిర్ విభాగం పేరుతో ఉన్న ఆ కాగితాలు ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలో భద్రంగా ఉన్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీ న్యాయ శాఖ దస్త్రాలు చెన్నైలో ఎగ్మూరులో ఉన్నాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి చదివే పని ఒక్క పరిశోధకుడి వల్ల కాదు. ప్రభుత్వం పూనుకుంటే అవుతుంది.

1858 నుంచి 1908 వరకు దొరికిన ప్రతి ఖైదీ పేరు, ఊరు, శిక్షకు కారణం ఒక్కచోట చేర్పించండి. రాజకీయ ఖైదీ, మామూలు ఖైదీ అని ముందే వడకట్టవద్దు. ఆ గీత గీసినది వలస ప్రభుత్వం. స్త్రీ ఖైదీలను వదిలేయవద్దు. దీవుల్లో స్థిరపడి సంసారాలు కట్టుకున్నవారి సంతతి ఈనాటికీ అక్కడే ఉంది. తమ ముత్తవ్వ ఏ ఊరి బిడ్డో తెలుసుకునే హక్కు వారికుంది. ఆ జాబితాను తెలుగులోనూ, ఖైదీలు వచ్చిన మిగతా ప్రాంతాల భాషల్లోనూ వెతికే వీలు కల్పించండి. ఇంగ్లీషు గుమస్తా చెవికి తోచినట్టు రాసుకున్న కొండ ఊళ్ల పేర్లను సరిచేయడానికి రంపచోడవరం, చోడవరం వైపు పెద్దలను పిలవండి. వాళ్లు తేలికగా గుర్తుపడతారు.

ముందుగా 1879-80 రంప ఖైదీల పేర్లతో ఈ పని మొదలుపెట్టించమని నా మనవి.

ఇట్లు,
భవదీయుడు,
ఒక చరిత్ర పాఠకుడు,
రాజమహేంద్రవరం