నా మాట విననందుకు కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. కాంచన్‌జంగ బేస్ క్యాంప్‌కి వెళ్ళి జబ్బుపడి వచ్చానని తెలిసి చాలామంది ఫోన్లు చేశారు, మెసేజ్‌లు పెట్టారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అప్పట్లో లేదు. ఇప్పుడు పూర్తిగా కోలుకున్నాను. ఇది మీ అందరికీ జవాబు. అంతకంటే ముందు, నన్ను బతికించినవాళ్ళకి కృతజ్ఞత. వాళ్ళు నాకు చేసినదాంట్లో సగానికి పైగా నాకు గుర్తే లేదు. మా తమ్ముడు, మా గైడ్ దాయి (నేపాలీలో అన్నయ్య అని) చెబితే తెలిసింది. వాళ్ళెవరినీ అడగలేదు కాబట్టి పేర్లు రాయడం లేదు. కానీ ఇందులో ప్రతి మాటా తమ్ముడు వాళ్ళకి ఫోన్లో హిందీలో చెప్పబోతున్నాడు.

మేం వెళ్ళింది పాంగ్‌పెమా. నేపాల్ తూర్పు అంచున, కాంచన్‌జంగ ఉత్తర ముఖానికి ఎదురుగా 5,143 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఆ ప్రాంతానికి ప్రత్యేక పర్మిట్ కావాలి, గైడ్ లేకుండా పంపరు. ఎవరెస్ట్ దారిలో అయితే ఫెరిచేలో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ళ క్లినిక్ ఉంటుంది, సీజన్లో డాక్టర్లు ఉంటారు. ఇటువైపు పైన అలాంటిదేమీ లేదు. పాంగ్‌పెమాకి ముందు మజిలీ లోనాక్. ఎత్తు సుమారు 4,780 మీటర్లు. అక్కడ జబ్బు చేస్తే డాక్టరైనా, నర్సయినా, అంబులెన్సయినా మనతో వచ్చిన మనుషులే.

"మరి జాగ్రత్తలు తీసుకోలేదా?" అని చాలామంది అడిగారు. తీసుకున్నాం. 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రికీ మరో రాత్రికీ మధ్య పడుకునే ఎత్తు 500 మీటర్లకి మించి పెరగకూడదని, మూడు నాలుగు రోజులకోసారి ఒకచోట ఆగి ఒళ్ళు అలవాటు పడనివ్వాలని చెబుతారు. పెద్ద ఎక్కుడు ఉన్నచోటల్లా దాయి దానికి తగ్గట్టు అదనంగా ఆపాడు. దారిలో ఉన్న ఘున్సా ఊళ్ళో ఆగాం. లోనాక్‌కి ముందు మజిలీ ఖాంబాచెన్‌లో మళ్ళీ ఆగి, జన్ను శిఖరం వైపు పగలు ఎక్కి, రాత్రికి దిగొచ్చి పడుకున్నాం. డాక్టరు చెప్పినట్టు, ఎత్తుకి ఒళ్ళు అలవాటు పడటానికి సాయపడే డయామాక్స్ మాత్ర 125 మిల్లీగ్రాములు పొద్దునా రాత్రీ వేసుకున్నాను. ఇవన్నీ ప్రమాదాన్ని తగ్గిస్తాయి, పూర్తిగా తీసెయ్యవు. ఒకే దారిలో, ఒకే వేగంతో నడిచిన మా తమ్ముడికి ఏమీ కాలేదు, నాకైంది. ఎవరి ఒళ్ళు ఎలా తట్టుకుంటుందో ముందే తెలిసే పరీక్ష ఏదీ లేదట.

పాంగ్‌పెమా చూసిన పొద్దు మాత్రం బాగా గుర్తుంది. చీకటితోనే లోనాక్ నుంచి బయల్దేరాం. కుడివైపు కింద రాళ్ళతో నిండిన హిమానీనదం, గడ్డి మీద గట్టిపడిన మంచు, అడుగు వేస్తే కరకరమనేది. పాంగ్‌పెమాలో రెండు మూడు రాతి గుడిసెలు, రంగు వెలిసిన ప్రార్థనా జెండాలు. ఎదురుగా 8,586 మీటర్ల కొండ. ఫొటోల్లో ఎంత చూసినా ఆ ఉత్తర ముఖం అంత దగ్గరగా, అంత నిటారుగా ఉంటుందని అనుకోలేదు. 1979లో బ్రిటిష్ వాళ్ళు ముగ్గురు ఈ వైపు నుంచే ఆక్సిజన్ సిలిండర్లు వాడకుండా పైకి చేరారని దాయి వేలితో దారి చూపిస్తూ చెప్పాడు. అప్పటికి నాకు ఆయాసం తప్ప ఏమీ లేదు.

లోనాక్‌కి తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. తలనొప్పి మొదలైంది. చీకటి పడేసరికి అన్నం వాసన పడలేదు, రెండుసార్లు వాంతయింది. నాకు గుర్తున్నది దాదాపు ఇంతవరకే. తర్వాత స్లీపింగ్ బ్యాగ్‌లో ముడుచుకుని పడుకున్నానట. కాసేపటికి దాయి వచ్చి మంచినీళ్ళ సీసా మూత తియ్యమన్నాడట. నేను దాన్ని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నానట కానీ తియ్యలేకపోయానట.

అప్పుడాయన నన్ను లేపి లాడ్జి భోజనాల గదిలోకి నడిపించాడు. నేలకి చెక్క పలకలు వేసి ఉన్నాయి. రెండు పలకలు కలిసే గీత చూపించి, ఒక పాదం మడమ ఇంకో పాదం వేళ్ళకి తగిలేలా దాని మీద నడవమన్నాడు. రెండో అడుగుకే పక్కకి తూలి బల్ల పట్టుకున్నాను. నేల ఎగుడుదిగుడుగా ఉందేమోనని మా తమ్ముడిని, ఒక పోర్టర్ భాయిని అదే గీత మీద నడిపించి చూశాడు. వాళ్ళిద్దరూ తిన్నగా నడిచారు. నన్ను మళ్ళీ నడవమన్నాడు. తాగినవాళ్ళలా తూలాను. వేలికి ఆక్సీమీటర్ కూడా పెట్టాడు గానీ ఆ అంకెని నమ్ముకుని కూర్చోలేదు. ఆ ఎత్తులో ఆక్సిజన్ 80 శాతం చూపించినా బాగానే తిరిగేవాళ్ళుంటారు. ఆయన నమ్మింది నా కాళ్ళని. తలనొప్పీ వాంతులూ మామూలు ఆల్టిట్యూడ్ సిక్‌నెస్‌లోనూ వస్తాయి. నడక తప్పిందంటే, మాట తేడాగా ఉందంటే, మెదడు వాస్తోందని అర్థం. డాక్టర్లు దాన్ని హేస్ అంటారు. అది ఒక్క రోజులో ప్రాణం తీయగలదు.

"ఇప్పుడే దిగుతున్నాం" అన్నాడు దాయి. నేను ససేమిరా అన్నానట. చలిగా ఉంది, పడుకుంటే తగ్గుతుంది, పొద్దున్నే వెళ్దాం అన్నానట. డబ్బులిచ్చేది మేము, మా మాట వినాలి అని కూడా అన్నానట. నా నోటి నుంచి అలాంటి మాట వస్తుందని తమ్ముడు కూడా అనుకోలేదు. ఈ జబ్బు ముందుగా పట్టుకునేది ఆలోచననే, అందుకే రోగి ఒప్పుకునేదాకా ఆగకూడదని తర్వాత ఆసుపత్రిలో చెప్పారు. దాయికి అది ముందే తెలుసు. నాతో వాదించలేదు. మందులపెట్టె తెచ్చి, మెదడు వాపుని తగ్గించే డెక్సామెథసోన్ 8 మిల్లీగ్రాములు మింగించాడు. ఆ టైము పెన్నుతో నా చేతి మీద రాశాడు. తర్వాత ఆరు గంటలకోసారి 4 మిల్లీగ్రాములు వేసిన ప్రతిసారీ దాని కింద ఇంకో టైము రాశాడు. కాఠ్మాండూలో డాక్టరు గారు మొదట చదివింది ఆ చేతినే. ఏ మందు ఎప్పుడు పడిందో ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది.

దాయీ, ఆ రాత్రి మీరు నా మాట వినలేదు. అందుకు మీకు నా నమస్కారాలు. కస్టమర్ కోపం చూసి, పొద్దున చూద్దాంలే అనుకోవడం ఎంత తేలికో నాకు తెలుసు. హేస్‌కి అసలు మందు కిందికి దిగడమే, మాత్రలూ ఆక్సిజనూ దిగేదాకా నిలబెట్టేవి మాత్రమే అని మీరు తమ్ముడికి చెప్పిన మాట నాకు కంఠతా వచ్చేసింది.

లోనాక్‌లో ఆ రాత్రి ఇంకో గ్రూపు ఉంది. వాళ్ళు మర్నాడు పాంగ్‌పెమా వెళ్ళాల్సినవాళ్ళు. వాళ్ళ దగ్గరున్నది ఒకే ఒక్క ఆక్సిజన్ సిలిండర్, అది వాళ్ళలో ఎవరికైనా అవసరమైతే వాడటానికి తెచ్చుకున్నది. దాయి అడగ్గానే ఇచ్చేశారు. సిలిండర్ లేకుండా పైకి వెళ్ళడం ఇష్టంలేక మర్నాటి ప్రయాణం మానుకుని వాళ్ళూ దిగిపోయారని తర్వాత తెలిసింది. అంత దూరం నడిచొచ్చి, చివరి పొద్దు నా కోసం వదులుకున్నారు. ముఖాలు కూడా సరిగ్గా చూడని మనుషులు.

ఇక మా పోర్టర్ భాయిలు. పెద్ద డోకో బుట్టని ఒకవైపు కత్తితో కోసి, అందులో స్లీపింగ్ బ్యాగ్ పరిచి నన్ను కూర్చోబెట్టారు. నుదుటికి నామ్లో పట్టీ తగిలించుకుని ఒకతను మోశాడు, ఇంకొకతను పక్కనే సిలిండర్ పట్టుకుని నడిచాడు, అలసిపోతే మార్చుకున్నారు. లోనాక్ నుంచి ఖాంబాచెన్‌కి సుమారు 700 మీటర్ల దిగుడు. దారంతా రాళ్ళు, మధ్యలో గడ్డకట్టిన వాగులు. నన్ను వెనక్కి తిరిగి ఉండేలా కూర్చోబెట్టారు, అందుకే వెనక వస్తున్న తమ్ముడి హెడ్‌ల్యాంప్ వెలుగు ఊగుతూ ఉండటం ఒక్కటే లీలగా గుర్తుంది. ప్రతి వాగు దగ్గరా ఒకతను ముందు దాటి, రాయి జారుతుందో లేదో కాలితో చూసి, పైన ఇసుక చల్లేవాడట. తర్వాతే నన్ను దాటించేవాళ్ళు. రామ్‌తాంగ్ దగ్గర కాపరుల గుడిసెల్లో గాలికి అడ్డంగా కాసేపు ఆగారు. అక్కడ భాయి తన జాకెట్ విప్పి నా కాళ్ళకి చుట్టాడు. ఆ సంగతి అతను చెప్పలేదు. మర్నాడు నా కాళ్ళకున్న జాకెట్ చూసి తమ్ముడు కనిపెట్టాడు.

దీనివల్లే ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. పోర్టర్లకీ ఇదే జబ్బు వస్తుంది. వాళ్ళు కొండవాళ్ళు కదా, వాళ్ళకేం కాదు అనుకుంటారు చాలామంది. ఎక్కువమంది కింది ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళే, ఒళ్ళు అలవాటు పడటానికి వాళ్ళకీ మనలాగే టైము పడుతుంది. తలనొప్పి వచ్చిన పోర్టర్‌ని ఒంటరిగా కిందికి పంపకూడదు, అతని భాష తెలిసిన తోడు ఉండాలి. ట్రెక్ బుక్ చేసుకునేటప్పుడు మీ ఇన్సూరెన్స్ గురించి ఎంత అడుగుతారో వాళ్ళ ఇన్సూరెన్స్ గురించి, వాళ్ళ చలిబట్టల గురించి, వాళ్ళ మందుల గురించి అంతే అడగండి.

ఖాంబాచెన్ చేరేసరికి తెల్లవారుజామున మూడవుతోంది. మేం తలుపు కొట్టకముందే లాడ్జి నడిపే దిదీ పొయ్యి రాజేసి ఉంది. పైనుంచి లైట్లు దిగి రావడం చూసిందట. ఆ వేళప్పుడు లైట్లు దిగుతున్నాయంటే ఎవరికో బాగాలేదని ఆమెకి తెలుసు. నన్ను పొయ్యి పక్కన తల ఎత్తుగా ఉండేలా ఆనించి కూర్చోబెట్టి, తెల్లారేదాకా తన భుజం తీయలేదు. చెంచాతో గోరువెచ్చని నీళ్ళు పట్టింది. వెలుతురు వచ్చే వేళకి నాకు కొంచెం తెలివొచ్చింది. ఎక్కడున్నామని అడిగానట. తమ్ముడు అప్పుడు ఏడ్చాడు.

ఖాంబాచెన్ నుంచి ఘున్సా దారిలో కొండచరియలు విరిగిపడే చోటు ఉంది. మనిషిని వీపున వేసుకుని దాన్ని దాటడం వద్దనుకుని దాయి శాటిలైట్ ఫోన్లో హెలికాప్టర్‌ని ఖాంబాచెన్‌కే రమ్మన్నాడు. పొద్దున్న లోయంతా మబ్బు. తొందరపెట్టొద్దు, మబ్బు విడిస్తేనే రానివ్వండి అని తమ్ముడికి చెప్పింది దిదీయే. ఆ లోయవాళ్ళు మబ్బుని తేలిగ్గా తీసుకోరు. 2006 సెప్టెంబరు 23న ఘున్సా దగ్గరే హెలికాప్టర్ కూలి 24 మంది చనిపోయారు. కాంచన్‌జంగ సంరక్షణ ప్రాంతం బాధ్యతని స్థానికులకి అప్పగించే కార్యక్రమానికి వచ్చి తిరిగి వెళ్తున్నవాళ్ళు వాళ్ళు. పైలట్ గారు మబ్బు తెరిపిచ్చేదాకా ఆగి, తెరిపివ్వగానే వచ్చారు. రెండింటికీ ధన్యవాదాలు.

ఆసుపత్రిలో డాక్టర్లు, నర్సులు నన్ను చూసుకున్న తీరు గురించి ఎంత చెప్పినా తక్కువే. ఎమ్మారై తీశారు, కొన్ని రోజులు నడక సరిగ్గా రాలేదు, తర్వాత అదే వచ్చేసింది. రాత్రే దిగబట్టి సరిపోయింది అన్నారు పెద్ద డాక్టరు గారు.

తమ్ముడూ, నువ్వు దాయి మాట మీద నిలబడ్డావు. అక్కని కదా, నేను తిడితే ఎప్పుడూ తగ్గేవాడివి, ఆ రాత్రి తగ్గలేదు. ఇన్సూరెన్స్ వాళ్ళతో ఫోన్లు, అమ్మానాన్నలకి కంగారు పడకుండా చెప్పడం, అన్నీ ఒక్కడివే చూసుకున్నావు. ఇంట్లో ఎదురుగా చెబితే నవ్వేసి వెళ్ళిపోతావని ఇక్కడ రాస్తున్నాను.

చివరిగా, లోనాక్‌లో సిలిండర్ ఇచ్చిన గ్రూపువాళ్ళకి. సిలిండర్ ఖర్చు మీ గైడ్‌కి చేరిందని తెలిసింది, కానీ మీతో ఒక్కసారైనా మాట్లాడాలని ఉంది. మీలో తెలుగువాళ్ళు ఒకరున్నారని దాయి చెప్పాడు. ఇది మీ కంటపడితే ఒక్క మెసేజ్ పెట్టండి. మీరు పాంగ్‌పెమాకి మళ్ళీ ఎప్పుడు వెళ్ళినా మా దాయి మీతో వస్తానన్నాడు, గైడ్ ఖర్చు మాది.