సంపద పన్నును మళ్లీ తీసుకురండి: ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక మంత్రి గారికి నమస్కారాలు.

మా ఊరి సర్కారు బడిలో ఐదో తరగతి గది శ్లాబు పెచ్చులూడి, తుప్పు పట్టిన చువ్వలు తేలాయి. వాన పడితే టీచరమ్మ పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టి, పుస్తకాలు తడవకుండా ఒళ్లో పెట్టుకోమని పాఠం చెబుతారు. అడిగితే నిధుల్లేవంటారు.

ఎందుకు లేవండీ? వారసత్వ ఆస్తిపై వేసే ఎస్టేట్ డ్యూటీ 1985లో పోయింది. పెద్ద ఆస్తులున్నవాళ్లు ఏటా కట్టే 1957 నాటి సంపద పన్నును 2015 బడ్జెట్‌లో ఎత్తేశారు. 2019లో మినహాయింపులు వదులుకున్న కంపెనీలకు పన్నును 30 శాతం నుంచి 22కి దించారు. ఆ బడిలో వంట చేసే అక్క మాత్రం సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా జీఎస్టీ కడుతూనే ఉంది.

సంపద పన్నుతో ఏటా వచ్చేది వెయ్యి కోట్లేనని అప్పట్లో అన్నారు. నిజమే. కానీ 1993 నుంచి షేర్లను ఆ పన్ను పరిధిలోంచి తప్పించారు కదా! కుబేరుల ఆస్తిలో సింహభాగం అక్కడే ఉంటే రాబడి ఎలా పెరుగుతుంది? 2015లో సంపద పన్ను బదులు, ఆదాయం కోటి దాటినవాళ్లు కట్టే పన్నుపై 2 శాతం అదనపు సర్‌ఛార్జీ, అంటే పన్ను మీద పన్ను, వేశారు. మామూలు పన్నుల్లోలాగా సర్‌ఛార్జీలో రాష్ట్రాలకు వాటా ఉండదు. బడులు నడిపేది రాష్ట్రాలే.

దాతలు బెంచీలిచ్చారు, వాళ్లకు దండం. అయితే దానం దాత ఇష్టం. మా పిల్లలకు చదువు హక్కు.

వచ్చే బడ్జెట్‌లో షేర్లతో సహా పెద్ద ఆస్తులపై పన్ను వేయండి. అందులో రాష్ట్రాల వాటా రాష్ట్రాలకివ్వండి. మా గదికి కొత్త శ్లాబు ఈ వానాకాలం లోపే కావాలి.

ఇట్లు,
ఐదో తరగతి పిల్ల తండ్రి